కూడికే కదా అన్నారు

ఆ కార్ఖానాలో ఆమెను అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ చదివే గుమస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆమె చుక్కలక్క.

పంతొమ్మిదో ఏట సోల్డరింగ్ బల్ల దగ్గర చేరింది. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని, వెంట్రుకంత తీగలు పట్టకారుతో అందిస్తూ పెరిగిన పిల్ల కాబట్టి చేతికి వణుకంటే ఏమిటో తెలియదు. వేడి కడ్డీ ముట్టించి బోర్డు మీద కరిగిన సీసం చుక్క పెట్టిందంటే అది ఆవగింజంతే ఉండేది. వెయ్యి చుక్కలు పెట్టినా వెయ్యీ అచ్చు గుద్దినట్టుండేవి. పేరు అలా పడింది. పడ్డ పేరు ఇరవై తొమ్మిదేళ్ళు ఊడలేదు.

చదువు పదో తరగతితో ఆగింది కానీ, బుర్ర ఆగలేదు. బోర్డులు పరీక్షించే చోట ఎనిమిది చిన్న దీపాలుండేవి. ఏవి వెలిగాయో, ఏవి ఆరాయో చూసి బోర్డు మంచిదో కాదో చెప్పాలి. అందరూ దీపాలను పక్కనున్న పట్టికతో పోల్చి చూసేవారు. ఈమె మాత్రం, అసలు ఈ దీపాలు ఎందుకిలా వెలుగుతున్నాయని అడిగింది. అడిగింది గడ్డం మాస్టార్ని. కార్ఖానా చేసే మెషీన్లకు మొదటి ప్రోగ్రాము రాసింది ఆయనే. అడిగేవాళ్ళు దొరక్క మొహం వాచిపోయున్న మనిషేమో, ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ మొదలుపెట్టి ఏడేళ్ళపాటు చెప్పాడు. ఒకట్లూ సున్నాలతో లెక్కలు, చిప్పుకు అర్థమయ్యే భాషలో ప్రోగ్రాము రాయడం, రాసింది ఎక్కడ చెడిందో వెతకడం, అన్నీ ఒక చేత్తో తింటూనే. ఆయన రిటైరై వెళ్ళేటప్పటికి ఆమెకు ఆ విద్య అబ్బింది. అబ్బిందన్న సంగతి మాత్రం కార్ఖానాలో ఎవరికీ పట్టలేదు. చుక్కలు బాగా పెడుతోంది కదా, ఇంకేం కావాలి?

అక్కడ తయారయ్యేవి సెలైన్ మెషీన్లు. ఆసుపత్రిలో రోగి మంచం పక్కన కడ్డీకి తగిలిస్తారే, ఆ పెట్టెలు. గంటకు ఇంత మందు వెళ్ళాలని నర్సు మీట నొక్కితే, అంతే వెళ్ళేలా చూడటం దాని పని. లోపలి చిప్పు క్షణక్షణం లెక్క కడుతూ ఉంటుంది. ఇప్పటిదాకా వెళ్ళింది ఇంత, ఇప్పుడు వెళ్ళింది రవ్వంత, రెండూ కలిపి మొత్తం ఇంత.

చుక్కలక్కకు నలభై ఎనిమిదో ఏడు నడుస్తుండగా, ఆ చిప్పు తయారుచేసేవాళ్ళు దాన్ని చేయడం మానేశారు. బదులు తెచ్చిన కొత్త చిప్పు గట్టిదే, నమ్మకమైనదే. కానీ దానికి పూర్ణసంఖ్యలు తప్ప దశాంశాలు రావు. పాతదానికి దశాంశాలు కూడే భాగం పుట్టుకతోనే లోపల ఉండేది. కొత్తదానికి ప్రోగ్రాము రాసి నేర్పాలి. దానికి తోడు పరీక్షల సంస్థవాళ్ళు ఒక మెలిక పెట్టారు. కొత్త చిప్పు ఇచ్చే ప్రతి జవాబూ పాత చిప్పు జవాబుతో చివరి అంకెదాకా సరిపోవాలి. సరిపోతే పాత అనుమతి పత్రమే చెల్లుతుంది. ఒక్క అంకె తేడా వచ్చినా అనుమతి మొదటినుంచీ తెచ్చుకోవాలి. దానికి ఏడాది పడుతుంది. ఏడాది మెషీన్లు కదలకపోతే అరవై మంది చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే.

పని పెద్ద ఇంజినీరు మీద పడింది. ఆయనకు ప్రతి మాట చివరా ‘అంతే’ అనడం అలవాటు కాబట్టి, చాటున అందరూ అంతేసారు అనేవారు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. గుణకారం రెండు రోజుల్లో రాసి పారేశాడు. కూడిక దగ్గర చతికిలబడ్డాడు. మూడు వారాలు గింజుకున్నాక, బయట దొరికే లెక్కల ప్రోగ్రాము ఒకటి తెచ్చాడు. దానికి మూడు వేల బైట్ల జాగా కావాలి. కొత్త చిప్పులో మిగిలింది తొమ్మిదొందలు. చెంబులో ఏనుగును పట్టించమన్నట్టయింది వ్యవహారం.

సోమవారం పొద్దున యజమానురాలు అందరినీ కూర్చోబెట్టింది. డెబ్భై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం కంచు.

“గుణకారం అయిపోయిందన్నావుగా. ఇక మిగిలింది కూడికే కదా?”

“కూడికే మేడమ్. అదే అసలు చిక్కు, అంతే.”

“గుణకారం వచ్చినవాడికి కూడిక రాకపోవడమేమిటయ్యా! వంటంతా వండి, నీళ్ళు కాచడం రాదన్నట్టుంది.”

అందరూ నవ్వారు. అంతేసారు చెవులు ఎర్రబడ్డాయి. పెద్ద చిప్పు తెప్పించాలనీ, అది రావడానికి ఆరు నెలలు పడుతుందనీ ఏదో చెప్పబోయాడు. పరీక్షల సంస్థ తనిఖీ ఇరవై రోజుల్లో ఉందని ఆమె గుర్తుచేసింది.

“నేను చేస్తానమ్మగారూ,” అంది చుక్కలక్క, తలుపు దగ్గర నిలబడి. పరీక్షించిన బోర్డుల ట్రే ఇవ్వడానికి వచ్చిందామె.

అంతేసారు విసుగు దాచుకోలేకపోయాడు. “అక్కా, ఇది చుక్కలు పెట్టే పని కాదు, అంతే.”

“చుక్క ఎక్కడ పెట్టాలన్నదే కదా సార్ గొడవంతా,” అంది ఆమె.

యజమానురాలు కళ్ళజోడు తీసి ఆమెవైపు చూసింది. “ఏం కావాలి అమ్మాయ్ నీకు?”

“నా బల్ల దగ్గర ఇంకొకర్ని కూర్చోబెట్టండి. నాకు గళ్ళ పుస్తకం ఒకటి, పాత బోర్డూ కొత్త బోర్డూ చెరొకటి ఇప్పించండి.”

ఆ పూటే పని మొదలుపెట్టింది. చిక్కు ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఆ చిప్పుల్లో ఒక్కో సంఖ్యకు ఇరవై నాలుగు అంకెల గళ్ళుంటాయి, గడికి ఒకటో సున్నానో. దశాంశ చుక్క ఎక్కడుందో చెప్పే గళ్ళు వేరు. గుణించేటప్పుడు అంకెల్ని అంకెలతో గుణించి, చుక్కల స్థానాలు కూడితే సరిపోతుంది. కూడికలో అలా కుదరదు. ముందు చుక్క కిందికి చుక్క రావాలి. పెద్ద సంఖ్యకు సరిపడేలా చిన్నది కుడివైపుకు జరగాలి. జరిగినకొద్దీ దాని చివరి అంకెలు గళ్ళు దాటి రాలిపోతాయి. రాలినవాటిని వదిలెయ్యాలా, లెక్కలోకి తీసుకోవాలా, తీసుకుంటే ఎంతవరకు? తిరకాసంతా అక్కడే.

మొదట రాలినవాటిని రాలనిచ్చేసింది. పాత బోర్డుకూ కొత్త బోర్డుకూ అవే పది లక్షల జతల సంఖ్యలిచ్చి కూడమంది. నాలుగు లక్షల పైచిలుకు జవాబులు చివరి అంకెలో తప్పాయి. అనుకున్నదే. రెండోసారి, రాలిన అంకెల్లో మొదటిది ఒకటైతే జవాబుకు ఒకటి కలిపింది. సగమో అంతకంటే ఎక్కువో పోయిందంటే పైకి సవరించడమన్నమాట. తప్పులు ఇరవై వేలకు దిగాయి. అవన్నీ ముందేసుకుని వరసగా చూస్తే గుట్టు తెలిసింది. సరిగ్గా సగం రాలినప్పుడు పాత చిప్పు ప్రతిసారీ పైకి పోవడం లేదు, పక్కనున్న సరిసంఖ్య వైపు పోతోంది. సరే, ఆ నియమమూ పెట్టింది. ఈసారి తప్పులు రెండు లక్షలు దాటాయి.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. నియమం సరైనదే, దాన్ని పెడితే తప్పులు పదింతలయ్యాయి! శనివారం సాయంత్రం ఆమె మొహం చూసి అంతేసారు, పెద్ద చిప్పు ఎప్పటికి వస్తుందో కనుక్కోవడానికి ఫోను అందుకున్నాడు. అది ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె భర్త దర్జీ. ఇంటి ముందుగదే ఆయన కొట్టు. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ పెట్టె, గోడ పొడవునా బట్టలు కత్తిరించే బల్ల. ఆదివారం కొట్టుకు సెలవు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆమె ఆ బల్ల ఆక్రమించింది. ఆయన కొలతలు గీసుకునే మందపాటి కాగితం అడిగి తీసుకుని, ఇరవై నాలుగు గళ్ళ పట్టీలు కత్తిరించింది. గడికో అంకె రాసింది. పెద్ద సంఖ్య పట్టీ బల్ల అంచుకు సరిగ్గా పెట్టి, దాని కిందకు చిన్నదాన్ని తెచ్చి కుడికి జరిపేది. అంచు దాటి వేలాడిన ముక్కను కత్తిరించేది. మొదటి గడి చూసి, ముక్క నేలమీద వదిలేసేది. ఒకటి కాదు, రెండు కాదు, తప్పిన లెక్కలు ముప్ఫై నలభై అలా చేసింది.

అత్తగారు కుర్చీలో కూర్చుని చూస్తోంది. “ఏమే, కూడికలు రెండో క్లాసులోనే అయిపోలేదూ? ఈ వయసులో మళ్ళీ మొదలెట్టావేం?”

“అప్పుడు సరిగ్గా నేర్పలేదత్తయ్యా.”

“నేర్పలేదో, నువ్వు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నావో!”

భర్త మాత్రం వంగి నేలమీది ముక్కలు ఏరుతున్నాడు. కొట్టులో నేలమీద కాగితం కనిపిస్తే ఆయనకు తోచదు. కాసేపటికి ఆమె తలెత్తి చూస్తే, ఇస్త్రీ పెట్టె పక్కన రెండు కుప్పలున్నాయి.

“ఇవేంటండీ, రెండు కుప్పలు పెట్టారు?”

“ఇవి వట్టి సున్నాలు. పారేద్దామని. ఇవి ఒకట్లున్నవి. సున్నా అంటే ఏమీ లేనట్టని నువ్వే చెప్పావుగా? ఏదో ఉన్నవాటిని నిన్నడక్కుండా పారేయడమెందుకని ఉంచా.”

ఆమె కత్తెర కింద పెట్టింది. ఒకట్లున్న కుప్పలోంచి రెండు ముక్కలు తీసింది. ఒకదాని మీద ఒకటి, ఆ తర్వాత అన్నీ సున్నాలు. రెండోదాని మీదా మొదట ఒకటే, తర్వాత సున్నాలే, కానీ కొట్టకొసన ఒంటరిగా ఇంకో ఒకటి. ఇన్నాళ్ళూ మొదటి గడి చూసి రెండూ ఒకటే అనుకుంది. మొదటిది సరిగ్గా సగం. రెండోది సగం కంటే పిసరంత ఎక్కువ. ఆ పిసరుంటే సరిసంఖ్య నియమం దాని జోలికే రాకూడదు, జవాబు పైకే పోవాలి. పిసరున్నవాటన్నిటికీ సగం నియమం పెట్టి, చేజేతులా చెడగొట్టింది తనే!

ఆత్రంగా ముక్కలన్నిటి మొదటి గడీ కత్తిరించి పక్కన పెట్టి, మిగిలిన తోకల్ని మళ్ళీ రెండు కుప్పలు చేసింది. ఒకటి ఉన్నవి ఇటు, లేనివి అటు. గళ్ళ పుస్తకం తెరిచి పాత చిప్పు జవాబులతో సరిచూసింది. ప్రతి ఒక్కటీ సరిపోయింది.

“ఎన్నున్నాయో అక్కర్లేదండీ! ఎక్కడున్నాయో కూడా అక్కర్లేదు! ఏదో ఉందా, ఏమీ లేదా, అంతే తెలియాలి. దానికి ఒక్క గడి చాలు. ఒకే ఒక్క గడి!”

ఆయన బిత్తరపోయి చూశాడు. “ఇంతకీ ఇవి పారేయనా, వద్దా?”

ఆమె ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. అత్తగారు గడప అవతల ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి తొంగి చూసింది.

సోమవారం మధ్యాహ్నానికి రెండు లక్షల తప్పులు పంతొమ్మిది వందలకు పడిపోయాయి. ఆ మిగిలినవన్నీ ప్లస్ మైనస్ గుర్తులు వేరైన జతలే, అంటే కూడిక పేరుతో వచ్చిన తీసివేతలు. తీసేశాక ముందు గడి ఖాళీ అయితే అంకెలన్నీ ఎడమకు జరగాలి. అప్పుడు లోపలికి లాక్కోవడానికి వెనక ఇంకో అంకె దాచి ఉండాలి. ఇంకో గడి చేర్చింది. మంగళవారం పది లక్షలకు పది లక్షలూ సరిపోయాయి.

ఆమె పొంగిపోలేదు. గడ్డం మాస్టారు ఒక మాట చెప్పేవాడు, గుడ్డిగా ఏరిన లెక్కల్లో గమ్మత్తయినవి దొరకవు, వాటిని చేత్తో రాసివ్వాలని. చేత్తో రాసింది. ఐదులోంచి ఐదు తీసేయమంది. పాత బోర్డు సున్నా అంది. కొత్త బోర్డు మైనస్ సున్నా అంది.

అంతేసారు అటుగా పోతూ ఆగాడు. తెర చూసి పకపకా నవ్వాడు. “మైనస్ సున్నా ఏమిటక్కా? లేనిదానికి మళ్ళీ లోటా?”

“నవ్వకండి సార్. రెండిట్లో పెద్దదాని గుర్తు జవాబుకు పెట్టమన్నాను. రెండూ సమానమైతే ఏం చేయాలో చెప్పలేదు. పాపం అది మాత్రం ఏం చేస్తుంది?”

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె రాసినది మొదటినుంచీ చదివాడు. మధ్యలో రెండుసార్లు “ఇదెందుకు?” అని అడిగాడు. రెండుసార్లూ జవాబు విని తలూపాడు. చివరికి, “నేను మూడు వారాలు ఆ రాలిన అంకెలన్నిటినీ దాచి ఉంచాలని చూశానక్కా. అందుకే నాకు జాగా చాల్లేదు,” అన్నాడు. ‘అంతే’ అనడం మర్చిపోయాడు.

ఆ రోజునుంచీ ఇద్దరూ కలిసి కూర్చున్నారు. ఆయన చిక్కు జతలు ఆలోచించి ఇచ్చేవాడు. చిప్పులో పట్టగలిగినంత పెద్దవి, ఇక కనబడనంత చిన్నవి, సున్నాలు, కవలలు. ఆమె వాటితో కొత్త బోర్డును సాధించేది. వారం తిరిగేసరికి అది దేనికీ తొణకడం మానేసింది. చివరగా లెక్కపెడితే ఆమె రాసింది నాలుగొందల ముప్ఫై ఆరు బైట్లు. మిగిలిన జాగాలో సగం కూడా కాదు.

తనిఖీ రోజు పొద్దున్నే పరీక్షల సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. బక్కపలచని మనిషి, నవ్వుకు కరువు. సంచిలోంచి తన జతలు తనే తీసింది, నలభై లక్షలు. రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టించి మీట నొక్కింది. తెర మీద ఒకవైపు చూసిన జతల అంకె పరుగెడుతోంది. రెండోవైపు ‘తేడాలు’ అన్నచోట సున్నా.

కార్ఖానాలో అందరూ పనిచేస్తున్నట్టు నటించారు. పట్టకారు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు. యజమానురాలు అద్దాల గదిలో కూర్చుని, తలకిందులుగా పట్టుకున్న కాగితం శ్రద్ధగా చదువుతోంది. పదిహేను లక్షల దగ్గర పరుగు టక్కున ఆగింది. అంతేసారు లేచి నిలబడ్డాడు. ఆవిడ సీసా మూత తీసి, తాపీగా రెండు గుక్కల మంచినీళ్ళు తాగి, మళ్ళీ మీట నొక్కింది. ఆపింది ఆవిడే.

మధ్యాహ్నం రెండు దాటాక నలభై లక్షలూ పూర్తయ్యాయి. తేడాలు సున్నా.

ఆవిడ నమ్మలేదు. బోర్డుల తీగలు అటువి ఇటు మార్చి, చివరి లక్ష మళ్ళీ తిప్పింది. సున్నా. అప్పుడు కళ్ళజోడు సర్దుకుని, “ఈ కూడిక రాసిందెవరు?” అని అడిగింది.

అందరి చూపూ అంతేసారు మీదికి పోయింది. ఆయన పక్కకు తప్పుకుని చేయి చూపించాడు. “మా అక్కండీ. సోల్డరింగ్ బల్ల.”

“రెండు సంఖ్యలూ సమానమై గుర్తులు వేరైతే?” అంది ఆవిడ, చుక్కలక్క వైపు తిరిగి.

“మామూలు సున్నా అండీ. రెండూ మైనస్ సున్నాలైతే మాత్రం మైనస్ సున్నాయే.”

“రాలిన అంకెలు?”

“రెండు ఉంచుకున్నానండీ. ఆ తర్వాతవన్నీ కలిపి ఒక్క గడి. అందులో ఏదో ఉందా, లేదా అన్నదే.”

ఆవిడ పత్రం తీసి ముందుకు తోసింది. రాసినవారి పేరు, సంతకం, కింద విద్యార్హత. చుక్కలక్క గుండ్రటి అక్షరాలతో ‘పదో తరగతి’ అని రాసింది. ఆవిడ చదివింది. ఎక్కడ తప్పు పడుతుందోనని అందరూ ఆవిడ చేతినే చూశారు.

“ఈ చదువు గడిలో రకరకాలు చూశానమ్మా,” అంది ఆవిడ ముద్ర వేస్తూ, “తేడాల గడిలో మొదటి తనిఖీలోనే సున్నా చూడటం మాత్రం ఇదే.”

ముద్ర చప్పుడుకు కార్ఖానా కార్ఖానా లేచింది. ఎవరో బల్ల మీద చరిచారు, ఎవరో ఈల వేశారు. యజమానురాలు అద్దాల గదిలోంచి వచ్చి, ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి చుక్కలక్కను అసలు పేరుతో పిలిచింది. అలవాటు లేని పేరు కావడంతో ఆమె వెంటనే పలకలేదు. పక్కవాళ్ళు మోచేత్తో పొడవాల్సి వచ్చింది. “రేపటినుంచి ప్రోగ్రాముల గదిలో కూర్చో. గోడ పక్కన కాదు, కిటికీ పక్కన,” అంది పెద్దావిడ.

నెల తర్వాత మొదటి విడత కొత్త మెషీన్లు ఆసుపత్రికి చేరాయి. బిగించేవాళ్ళతో పాటు తనూ వస్తానంది చుక్కలక్క. వాళ్ళ పని గంటలో అయిపోయింది, వెళ్ళిపోయారు. ఆమె మాత్రం ఆడవాళ్ళ వార్డులో, కిటికీ దగ్గర మంచం పక్కన నిలబడిపోయింది. మంచం మీద ఎవరో పెద్దావిడ నిద్రపోతోంది. తల దగ్గర కడ్డీకి పెట్టె. పెట్టె మీద ఆకుపచ్చ అంకెలు. వెళ్ళింది ఇంత. ఇంకొంచెం. ఇంకొంచెం. రవ్వ తర్వాత రవ్వ, ఒక్కటీ దారి తప్పకుండా మొత్తంలోకి చేరుతోంది. ఆమె కదల్లేదు. కన్నబిడ్డ మొదటిసారి వేదికెక్కి తడబడకుండా పాడుతుంటే చూసే తల్లిలా, పెదవులు కదుపుతూ అంకెలతో పాటు తనూ కూడుకుంటోంది.

నర్సు వచ్చి మందు సీసా చూసి, మెషీను చూసి, ఆమెను చూసింది.

“ఎవరమ్మా మీరు? పేషెంటు తాలూకా?”

“కాదమ్మా,” అంది చుక్కలక్క, అంకెల మీంచి చూపు తిప్పకుండానే. “మెషీను తాలూకు.”